మాండెల్లో నుంచి వచ్చిన గద్ద

యాకుత్‌పురా స్టేషన్ నుంచి ఫలక్‌నుమా వైపు కదిలిన ప్యాసింజర్ రైలు చప్పుడులో మెకానిక్ గుండయ్య చనిపోయాడు. అప్పుడు టైము పదకొండూ ఏడు. 1979 డిసెంబర్, మంగళవారం.

అంతకు మూడు నిమిషాల ముందు ఆయన తన షెడ్డులో గోనెపట్టా పరుచుకుని ఒక వెండి రంగు మోటార్ సైకిల్ వెనక చక్రం పక్కన పడుకుని ఉన్నాడు. అరవై రెండేళ్ళ వయసు. కళ్ళకు తాడుతో కట్టిన అద్దాలు. బండి పేరు మోటో గుజ్జీ వెయ్యి ఎస్.పి. ఇటలీ నుంచి రోడ్డు మీదే నడుపుకుంటూ తెచ్చిన బండి. ట్యాంకు కింద రెండు పెద్ద సిలిండర్లు పహిల్వాన్ భుజాల్లా చెరో వైపు పొడుచుకొచ్చి ఉన్నాయి. బండి ముందుండే కవచాన్ని గాలిని చీల్చుకుపోయేలా కంపెనీ వాళ్ళు, గాలి తోలి చూసే తమ సొంత విండ్ టన్నెల్‌లో పరీక్షించి మరీ తయారు చేశారు. చైన్ ఉండదు. ఇంజన్ నుంచి వెనక చక్రం దాకా ఉక్కు షాఫ్ట్. పాతబస్తీలో అలాంటి బండిని అంతకు ముందు ఎవరూ చూడలేదు.

అంజన్ పహిల్వాన్ లోపలికొచ్చాడు. ఆరడుగుల మనిషి. డిసెంబర్ ఎండలోనూ భుజాల మీద శాలువా.

"తయారైందా ఉస్తాద్?"

"బ్రేకులు సాఫ్ చేసిన. తయారే." గుండయ్య లేచి కూర్చున్నాడు. "గని ఒక్క మాట. ఎనక చక్రాన్ని పట్టే గొట్టాలు రెండు. కుడి దిక్కు గొట్టంల షాఫ్ట్ తిరుగుతది. ఎడమ దిక్కుది ఉత్త బోలు గొట్టం. దానికి ఇత్తడి బిరడా ఏంది? కంపెనీ వాళ్ళు గిట్ల చెయ్యరు."

"నీకెందుకు?"

"మీ దొరకు చెప్పు. మధ్యల ఎవడో చెయ్యి పెట్టిండు. విప్పి చూడమంటే చూస్త."

అంజన్ పట్టాల వైపు చూశాడు. రైలు కూత పెట్టింది. చక్రాల మోత షెడ్డు రేకుల్ని వణికించేసరికి శాలువా కింద నుంచి పిస్టల్ బయటికొచ్చింది. మొదటి గుండు ఛాతీలో. రెండోది కూడా ఛాతీలోనే. గుండయ్య బండి సీటు పట్టుకుని నిలబడాలని చూశాడు. మూడో గుండు ఆయన్ని మళ్ళీ గోనెపట్టా మీదికి పడేసింది.

రైలు చివరి పెట్టె దాటేలోపు అంజన్ బండిని తోసుకుంటూ వీధి మలుపు తిరిగాడు.

* * *

అఫ్జల్‌గంజ్‌లో మేడ మీద ఒక టైప్‌రైటింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ముప్పై మెషిన్లు ఒకేసారి టకటకలాడుతుంటాయి. ఆ గోలలో వెనక గదిలోని మాటలు గోడకు చెవి ఆనించినా వినపడవు. ఇన్‌స్టిట్యూట్ పెట్టింది అందుకే.

సాయంత్రం నాలుగింటికి ఆ వెనక గదిలో చీఫ్ ఆనందరావు ఫైల్ తెరిచాడు. ఎదురుగా ఏజెంట్ 41. అసలు పేరు బాలకిషన్. గౌలిపురలో పాడి ఇంటివాడు. ఎనిమిదేళ్ళు సైన్యంలో బండి మీద సందేశాలు చేరవేసే డెస్పాచ్ రైడర్, ఆరేళ్ళుగా ఈ డిపార్ట్‌మెంట్.

"గుండయ్య నీకు తెలుసు కదా."

"నాకు స్పానర్ పట్టడం నేర్పింది ఆయనే సర్."

"అందుకే ఈ పని నీకు వద్దనుకున్నాను. మళ్ళీ అందుకే నిన్ను పిలిచాను." ఆనందరావు ఒక ఫొటో తోశాడు. నెరిసిన జుట్టు, గడ్డం మీద పాత గాయం. "రెనాటో కోర్సో. గుండయ్య బాగుచేసిన బండి ఇతనిదే. ఒకప్పుడు రేసులు నడిపాడు. ఇప్పుడు సాలమాండర్ అనే రింగ్‌కి కొరియర్. ఏ దేశం అడిగితే ఆ దేశానికి రహస్యాలు అమ్మే ముఠా అది. రెండు వారాల కింద ఈ ఊళ్ళోని ఒక రక్షణ లాబొరేటరీ నుంచి క్షిపణి గైరోస్కోప్ డ్రాయింగులు మైక్రోఫిల్మ్‌గా బయటికి పోయాయి. తీసిచ్చిన డ్రాఫ్ట్స్‌మన్ శవం మూసీలో దొరికింది."

"ఫిల్మ్ ఆ బండిలో ఉందా?"

"ఉందని బొంబాయి నుంచి మెసేజ్ వచ్చింది. ఎక్కడుందో తెలీదు. పంపింది లూచియా. ఇటలీ వాళ్ళ ఏజెంట్. ఫొటోగ్రాఫర్ వేషంలో కోర్సో ముఠాలో చేరింది. మన దగ్గర ఎవరూ ఆమెను చూడలేదు. రేపు ఎనిమిదింటికి కింది ఇరానీ హోటల్లో నిన్ను కలుస్తుంది. కోర్సో పదింటికి బొంబాయి బయల్దేరతాడు."

"రోడ్డు మీద ఆపి బండి విప్పేస్తే?"

"పోయినేడు ఇంకో దేశంలో పోలీసులు సాలమాండర్ వాళ్ళ కారు అలాగే విప్పబోయారు. నలుగురు చచ్చారు. ఫిల్మ్ బూడిదైంది. విప్పే పద్ధతి తెలియకుండా ముట్టుకోవద్దు." ఆనందరావు డ్రాయర్‌లోంచి రెండు వస్తువులు తీశాడు. "ఇది టైరు గాలి చూసే గేజ్. మూత నొక్కితే ఇక్కడ రేడియో మోగుతుంది. ఇది స్క్రూడ్రైవర్. పిడిలో ఒకే ఒక్క తూటా. రెండోసారి పేల్చాలని చూడకు, వేళ్ళు పోతాయి."

* * *

గుండయ్య భార్య సక్కుబాయి షెడ్డు మెట్టు మీద కూర్చుని ఉంది. శవాన్ని పోస్టుమార్టానికి తీసుకెళ్ళారు. రక్తం మరకల మీద ఎవరో ఇసుక పోశారు. బాలకిషన్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నిన్నటి సంది ఒకటే ముచ్చట కిష్టయ్యా," అంది ఆమె. "ఎడమ దిక్కు గొట్టంల ఏదో ఉన్నదంటడు. తిండి తినుకుంట గదే, పండుకునేటప్పుడు గదే. మనకెందుకయ్యా ఫికర్, పైసలు తీస్కొని బండి ఇచ్చెయ్ అన్న. ఇనలే. గద్ద బొమ్మ బండికి ఎవడో ఖరాబు పని చేసిండని ఆయిన బాధ."

"గద్ద ముచ్చట మల్ల చెప్పిండా చిన్నమ్మా?"

"చెప్పకుండ ఉంటడా?"

ఆ కథ బాలకిషన్‌కీ కంఠస్థమే. నలభై ఒకటిలో గుండయ్య లిబియా ఎడారిలో సైన్యపు మరమ్మతు దళంలో ఉన్నాడు. పట్టుబడ్డ ఇటలీ బండ్లను బాగుచేసేటప్పుడు ఒక ఖైదీ మెకానిక్ సాయం చేసేవాడు. అతను మాండెల్లో వాడు. కొండల నడుమ పెద్ద సరస్సు ఒడ్డున చిన్న ఊరట. మొదటి యుద్ధంలో ముగ్గురు స్నేహితులు, ఇటలీ నౌకాదళపు విమానాల దగ్గర పనిచేసేవాళ్ళు, యుద్ధం అయ్యాక కలిసి మోటార్ సైకిళ్ళు చేద్దామని మాట అనుకున్నారు. గుజ్జీ ఇంజన్లు గీయాలి, పరోడీ పెట్టుబడి తేవాలి, రవెల్లి రేసుల్లో నడపాలి. యుద్ధం అయిపోయింది గానీ, కంపెనీ పెట్టకముందే రవెల్లి విమానం కూలి చచ్చిపోయాడు. మిగిలిన ఇద్దరూ మాండెల్లోలో కార్ఖానా పెట్టి, పోయినవాడి గుర్తుగా విమాన దళపు గద్దను తమ బండ్ల మీద వేశారు. ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లలకు కూడా ఆ సంగతి తెలుసని ఖైదీ చెప్పాడట. దోస్తును మరవని కంపెనీ అని గుండయ్యకు దాని మీద అంత మోజు.

బాలకిషన్ లేచాడు. ఆమె తలెత్తి చూసింది.

"వాడు దొరుకుతడా?"

"దొరుకుతడు."

అక్కణ్ణుంచి అతను గౌలిపుర వెళ్ళాడు. పినతండ్రి కొడుకు నర్సింహ కొట్టంలో పాలు పితుకుతున్నాడు.

"అన్నా, రేపు పొద్దుగాల పదింటికి నయాపూల్ మీద బర్రెలు కావాలె."

"ఎన్ని?"

"ఉన్నయన్ని."

నర్సింహ పితకడం ఆపలేదు. "పోలీసోడు లొల్లి చేస్తడు."

"చెయ్యనీ. ఒక బండి బొంబాయి రోడ్డెక్కొద్దు. మా ఆఫీసు జీపులు రెండున్నయి. ఒకటి స్టార్ట్ కాదు. ఇంకోటి టైమ్‌కు రాదు."

"నా బర్రెలు వస్తయి," అన్నాడు నర్సింహ.

* * *

బుధవారం ఎనిమిది గంటలు. ఇరానీ హోటల్లో మూల టేబుల్. ఆమె లోపలికి రాగానే గల్లా దగ్గర కూర్చున్న మనిషి కూడా చిల్లర లెక్క తప్పాడు. మీగడ రంగు సిల్కు చొక్కా, నల్ల కళ్ళద్దాలు, మెడలో కెమెరా. నూనె మరకల ఖాకీ చొక్కాలో ఉన్న బాలకిషన్ ఎదురుగా కూర్చుంది. ఇంగ్లీషులో మాట్లాడింది.

"ఈ ఊళ్ళో మంచి ముత్యాలు ఎక్కడ దొరుకుతాయి?"

"పత్తర్‌గట్టీలో. బేరం మాత్రం నాకు వదిలెయ్యండి."

"బేరం చేసే ఓపిక నాకు లేదు."

కోడ్ మాటలు అక్షరం పొల్లు పోలేదు. ఆమె కళ్ళద్దాలు తీసింది. చాయ్ ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"నేను మాండెల్లోలోనే పుట్టాను. మా నాన్న ముప్పై ఏళ్ళు ఆ కార్ఖానాలో విండ్ టన్నెల్ దగ్గర పనిచేశాడు. అందుకే కోర్సో నన్ను నమ్మాడు. ఫిల్మ్ ఎడమ గొట్టంలో ఉంది. చివర ఇత్తడి బిరడా. ఎడమ వైపుకు తిప్పితే వస్తుంది."

బాలకిషన్ తల ఊపాడు. గుండయ్య చెప్పిన గొట్టమే. అంతా సరిగ్గా ఉంది. అయినా, ఆ ఊరి మనిషిని కళ్ళారా చూడటం అదే మొదటిసారి కనుక, ఉస్తాద్ కోసం అడిగినట్టు అడిగాడు.

"ట్యాంకు మీద గద్ద ఎందుకు వేస్తారు?"

"అదా?" ఆమె నవ్వింది. "పాత రోమన్ సైన్యాల జెండా గద్ద. మావాళ్ళకు గొప్పలెక్కువ."

బాలకిషన్ చాయ్‌లో బిస్కెట్ ముంచాడు. అది మెత్తబడి విరిగి కప్పులో పడిపోయేదాకా అతనికి ఆ సంగతి తెలియలేదు. ఈమె మాండెల్లో మనిషి కాదు. అంటే లూచియా కాదు. లూచియాను పట్టుకున్నారు, కోడ్ మాటలు చెప్పించారు. అవి ఎలా చెప్పించి ఉంటారో ఊహించడానికి అతనికి ఎక్కువ సమయం పట్టలేదు.

జేబులో గేజ్ మూత నొక్కాడు.

"పోదాం పదండి మేడమ్," అన్నాడు.

* * *

యాకుత్‌పురాలో కోర్సో దిగింది ఒక పాడుబడ్డ దేవిడీలో, అంటే పాత నవాబుల మేడలో. వెనక పాత గుర్రపుశాల. పావుతక్కువ పదికి ఆమె అతన్ని పక్క తలుపు గుండా లోపలికి తీసుకెళ్ళింది. సంచులన్నీ కట్టుకుని గుజ్జీ ప్రయాణానికి సిద్ధంగా ఉంది. ట్యాంకు మీద గద్ద రెక్కలు చాపి ఉంది.

"కోర్సో స్నానం చేస్తున్నాడు. పది నిమిషాలు టైముంది. కానీ."

చెప్పి ఆమె నాలుగడుగులు పక్కకు జరిగింది.

బాలకిషన్ బండి వెనక గొంతు కూర్చున్నాడు. బిరడా నడిమధ్యలో చిన్న చిల్లు. బిరడా విప్పేవాడి ఛాతీకి సరిగ్గా ఎదురుగా ఉంది. ఎడమకు తిప్పితే అందులోంచి ఏం వస్తుందో అతనికి అర్థమైంది.

"చీకటిగా ఉంది. టార్చి కొంచెం పట్టుకుంటారా? చెయ్యి ఇటు పెట్టండి."

ఆమె సందేహిస్తూనే చెయ్యి చాపింది. టూల్ సంచిలోంచి వచ్చింది టార్చి కాదు. బేడీ ఒక కొస ఆమె మణికట్టుకు, రెండో కొస సీటు వెనక ఉక్కు కమ్మీకి బిగుసుకుంది.

"ఇప్పుడు మీరే తిప్పండి," అన్నాడు బాలకిషన్. "గద్ద రోమన్లది కాదు మేడమ్. చచ్చిపోయిన ఒక స్నేహితుడిది. ఆ ఊరివాళ్ళకు తెలుస్తుంది."

ఆమె మొహంలో ఏ మార్పూ రాలేదు. ఖాళీగా ఉన్న చెయ్యి మాత్రం జుట్టులోకి వెళ్ళి వచ్చింది. పిన్ను లాంటి సన్నటి బ్లేడు అతని చెంపను చెవి నుంచి గడ్డం దాకా చీల్చింది. అతను వెనక్కి తూలాడు. అదే క్షణంలో వెనక నుంచి ఇనప గొలుసు మెడకు చుట్టుకుంది.

అంజన్ గొలుసు బిగించి అతన్ని నేల మీంచి లేపాడు. బాలకిషన్ కాళ్ళు గాలిలో తన్నుకున్నాయి. ఎదురుగా ఉన్న స్తంభాన్ని రెండు కాళ్ళతో తన్నాడు. ఇద్దరూ కలిసి వెనక గోడకు కొట్టుకున్నారు. పట్టు వదల్లేదు. కళ్ళ ముందు నల్లటి చుక్కలు. చెయ్యి సంచిలో తడుముకుంది. స్పానర్. పట్టకారు. స్క్రూడ్రైవర్.

దాన్ని వెనక్కి తిప్పి, తగిలిన చోట పెట్టి నొక్కాడు. తూటా అంజన్ తొడలోంచి దూసుకుపోయింది. గొలుసు వదులైంది.

అంజన్ ఒక మోకాలి మీద కూలి నడుములోంచి పిస్టల్ లాగాడు. బాలకిషన్ దాన్ని తన్నేశాడు. అంజన్ కత్తి తీశాడు. తొడలోంచి రక్తం కారుతున్నా నవ్వుతున్నాడు.

"ముసలోడు గూడ నన్ను గిట్లనే చూసిండు."

"ఆయన పేరు గుండయ్య," అన్నాడు బాలకిషన్.

కత్తి దూసుకొచ్చింది. ముంజేతికి తగిలింది. కింద పడి ఉన్న టైరు లివర్ బాలకిషన్ చేతికి దొరికింది. మొదటి దెబ్బకు కత్తి పట్టిన మణికట్టు విరిగింది. రెండోది కణత మీద పడింది. మూడోది అవసరం లేకపోయినా పడింది.

పై వరండాలోంచి తుపాకి పేలింది. బాలకిషన్ ఎడమ భుజంలో నిప్పు పెట్టినట్టయింది. అతను స్తంభం చాటుకు దొర్లాడు. తడి జుట్టుతో కోర్సో మెట్లు దిగుతూ మళ్ళీ మళ్ళీ కాల్చాడు. బేడీని చూశాడు. విప్పే టైము లేదు.

"ఎక్కు," అన్నాడు ఆమెతో.

ఆమె వెనక సీటెక్కింది. గుజ్జీ ఉరిమింది. గేటు తలుపును గుద్దుకుంటూ బయటికి పోయింది. బాలకిషన్ అంజన్ పిస్టల్ తీసుకుని గోడ పక్కన పెట్టిన తన బుల్లెట్ మోటార్ సైకిల్ దగ్గరికి పరుగెత్తాడు. ఎడమ చెయ్యి క్లచ్ పట్టడానికి ఒప్పుకోలేదు. పట్టించాడు.

* * *

ఖాళీ రోడ్డు దొరికితే ఆ ఇటలీ బండిని పట్టడం బుల్లెట్ వల్ల కాదు. కానీ ఏతెబార్ చౌక్ నుంచి మీరాలం మండీ దాకా ఖాళీ రోడ్డు అనేది లేదు. తోపుడుబండ్లు, రిక్షాలు, ఉల్లిగడ్డ బస్తాలు. చెరో వైపు పొడుచుకొచ్చిన సిలిండర్లు బండిని సందుల్లో ఇరికిస్తున్నాయి. ఒక సిలిండర్ జామపళ్ళ బండిని చీల్చేసింది. బండివాడు ఎగిరి కాలవలో పడ్డాడు. కోర్సో వెనక్కి తిరిగి కాల్చాడు. బుల్లెట్ హెడ్‌లైట్ పగిలి గాజుముక్కలు బాలకిషన్ మొహం మీద చిమ్మాయి. దారుల్‌షిఫా మలుపులో చెయ్యి అడ్డం పెట్టిన కానిస్టేబుల్‌ని గుజ్జీ గుద్దేసింది. అతను దొర్లి, విరిగిన కాలు పట్టుకుని లేవబోయి పడ్డాడు.

ముందు నయాపూల్. దాటితే అఫ్జల్‌గంజ్, ఆపైన వెడల్పాటి రోడ్డు. కోర్సో యాక్సిలరేటర్ తిప్పాడు. గుజ్జీ గొంతు మారింది. బుల్లెట్‌కూ దానికీ మధ్య దూరం చూస్తుండగానే రెట్టింపైంది.

వంతెన మొదట్లో నలభై బర్రెలు అడ్డంగా నిలబడి ఉన్నాయి. నర్సింహ వాటి మధ్యలో బీడీ వెలిగించుకుంటున్నాడు.

కోర్సో కాలి బ్రేకు తొక్కాడు. ఇంకో బండైతే అక్కడే వెనక చక్రం జారి పల్టీ కొట్టేది. గుజ్జీ కాలి బ్రేకు వెనక చక్రంతో పాటు ముందు చక్రాన్నీ కలిపి పడుతుంది. అది కంపెనీ గొప్పతనం. బండి నిటారుగా, తొణక్కుండా, మొదటి బర్రె కొమ్ములకు మూరెడు దూరంలో ఆగింది. కోర్సో కాల్చాడు. ఒక బర్రె ముందుకాళ్ళ మీద కూలింది. మిగతావి బెదిరి అతని మీదికే మళ్ళాయి. అతను బండి తిప్పి వంతెన పక్కనున్న మట్టి దారిలోంచి నది ఒడ్డుకు దించాడు.

మూసీ ఇసుక ఆ బరువు మొయ్యలేదు. చక్రాలు ఇరుసుదాకా దిగాయి. బండి పక్కకు ఒరిగి, కుడి సిలిండర్ ఇసుకలో గుచ్చుకుని ఆగిపోయింది. దాంతోపాటే ఆమె కూడా.

కోర్సో లేచాడు. ఆమె వైపు ఒకసారి చూశాడు. వంగి, హ్యాండిల్ నడుమ బిగించిన గడియారం కింద ఉన్న చిన్న మీట తిప్పి, ఇటాలియన్లో రెండు ముక్కలు అన్నాడు. తర్వాత వంతెన కమాను వైపు పరుగెత్తాడు.

బాలకిషన్ బుల్లెట్ వదిలేసి ఇసుకలో దూకేసరికి ఆమె అతన్ని చూసి అంది:

"బాంబు. తొంభై సెకన్లు."

వంతెన రాతి స్తంభం వెనక నుంచి కోర్సో కాలుస్తూనే ఉన్నాడు. ఒక గుండు ఇసుక లేపింది. ఇంకోటి ట్యాంకు అంచు గీరుకుపోయింది. బాలకిషన్ బోర్లా పడుకున్నాడు. కుడి మోచెయ్యి ఇసుకలో ఆనించాడు. స్తంభం అంచున తడి జుట్టు కనిపించింది. కాల్చలేదు. భుజం కూడా కనిపించింది. అప్పుడు కాల్చాడు. కోర్సో ముందుకు తూలి, రెండడుగులు వేసి, మెడ పట్టుకుని నీళ్ళ మడుగులో పడ్డాడు. నీళ్ళు ఎర్రబడ్డాయి. మళ్ళీ కదల్లేదు.

బాలకిషన్ బండి దగ్గరికొచ్చాడు. గడియారంలో సెకన్ల ముల్లు తిరుగుతోంది. ఇంకా యాభై. వంతెన మీద వందలమంది గోడ మీంచి తొంగి చూస్తున్నారు. పొమ్మని అరిచినా పోయే జనం కాదు.

"తాళం తియ్యి," అంది ఆమె.

"తాళంచెవి గుర్రపుశాలలో పడిపోయింది. నిజంగానే పోయింది. ఎటు తిప్పాలి?"

ఆమె గడియారం ముల్లు వైపు చూసింది. నలభై.

"కుడికి," అంది. "మూడు చుట్లు. తర్వాత లోపలికి నొక్కాలి. బాంబు కరెంటు తెగిపోతుంది."

"పొద్దున ఎడమ అన్నావు."

"పొద్దున నన్ను దీనికి కట్టెయ్యలేదు."

అతను ఆమె భుజం పట్టి ఈడ్చి, ఆమె ఛాతీ బిరడా చిల్లుకు ఎదురుగా వచ్చేలా కూర్చోబెట్టాడు. ఆమె కళ్ళు ఆ చిల్లు మీద నిలిచాయి. పెదాలు తెల్లబడ్డాయి.

"ఇప్పుడు చెప్పు."

"కుడికే."

అతను పట్టకారు వేశాడు. రక్తంతో చేతులు జారుతున్నాయి. ఒక చుట్టు. బిరడా బిగుసుకుపోయింది. పట్టకారు మీద మోకాలు పెట్టి మొత్తం బరువు వేశాడు. రెండో చుట్టు. ఆమె కళ్ళు మూసుకుంది. పది సెకన్లు. మూడో చుట్టు సగంలో ఆగింది. ఎడమ చేతిని కూడా వేశాడు. భుజంలో ఏదో తెగినట్టయింది. చుట్టు పూర్తయింది. అరచేత్తో బిరడాను లోపలికి కొట్టాడు.

గడియారం వెనక నుంచి వస్తున్న సన్నటి గరగర ఆగిపోయింది. సెకన్ల ముల్లు తనపాటికి తను తిరుగుతూనే ఉంది. తొంభై దాటింది. తొంభై ఐదు దాటింది.

వదులైన బిరడాను బయటికి లాగేసరికి గొట్టంలోంచి ముందు ఒక తూటా జారి ఇసుకలో పడింది. దాని వెనక చిటికెన వేలంత అల్యూమినియం డబ్బీ. మూత తీశాడు. చుట్టిన ఫిల్మ్.

పైన వంతెన మీద, డిపార్ట్‌మెంట్ జీపు బర్రెల వెనక హారన్ కొడుతోంది.

* * *

ఐదో రోజు బాలకిషన్ భుజానికి కట్టుతో, చెంపకు కుట్లతో యాకుత్‌పురా వెళ్ళాడు. సక్కుబాయి షెడ్డులో పనిముట్లు తుడిచి వరసగా పెడుతోంది.

"చంపినోడు పోయిండు చిన్నమ్మా."

"సచ్చేటప్పుడు వానికి ఎరుకైందా, ఎందుకు సస్తున్నడో?"

"ఎరుకైంది."

ఆమె ఒక స్పానర్ తుడిచి పక్కన పెట్టింది. ఇంకోటి తీసింది. "నిద్ర పడుతదనుకున్న. పడ్తలేదు." దాన్నీ తుడిచి వరసలో పెట్టింది. "ఈ షెడ్డు నువ్వు నడుపరాదు?"

"నాకు నౌకరి ఉన్నది కద."

"గా నౌకరిల ఎన్నొద్దులు బతుకుతవు బిడ్డా?"

అతను కింద కూర్చుని కుడి చేత్తో పనిముట్లు అందించడం మొదలుపెట్టాడు. పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నాడు.

మర్నాడు ఆఫీసులో టైప్ మెషిన్ల గోల మామూలుగానే ఉంది. ఆనందరావు కాగితాలు ఒక్కొక్కటే చదివి వినిపించాడు. ఫిల్మ్ లాబొరేటరీకి చేరింది. కానిస్టేబుల్ కాలు అతుక్కుంటుంది. బొంబాయి రేవులో వారం కింద దొరికిన అనామక స్త్రీ శవం లూచియాదేనని తేలింది. గోళ్ళు లేవు. బాలకిషన్ ఆ కాగితం అడిగి తీసుకుని తనూ ఒకసారి చదివాడు. జైల్లో ఉన్న ఆడమనిషి అసలు పేరు ఇంకా చెప్పలేదు. నర్సింహ బర్రెకు బదులు బర్రెను ఇప్పించమని రాసిన నోట్ మీద పైవాళ్ళు, 'ఈ ఏజెంట్ కోడ్ నంబర్ ఎంత?' అని అడిగారు.

"ఇంకొకటి ఉంది," అన్నాడు ఆనందరావు అద్దాలు సర్దుకుంటూ. "కస్టమ్స్ వాళ్ళ ఉత్తరం. రెనాటో కోర్సో అనే విదేశీయుడు తన మోటార్ సైకిల్‌తో గడువులోగా దేశం విడిచి వెళ్ళలేదట. కారణం తెలపమంటున్నారు. ఏం రాయమంటావు?"

బాలకిషన్ కిటికీలోంచి నయాపూల్ వైపు చూశాడు.

"ఊరు నచ్చి ఇక్కడే ఉండిపోయాడని రాయండి సర్."